మీ నంబరు

కోర్టు సహాయ కేంద్రంలో, ఎదురుగా కూర్చున్నామె తరఫున, చనిపోయిన భర్త వీలునామా అమలుకి దరఖాస్తు నింపుతున్నాను. అడిగినవాటికల్లా ఆమె రాయిలా కూర్చుని జవాబు చెబుతోంది.

"మీ ఫోన్ నంబరు?"

చెప్పింది. ఇందాక భర్త వివరాల్లో రాయించిన నంబరే అది.

"ఇది ఆయనది కదమ్మా, మీది చెప్పండి."

"నాది తెలీదమ్మా. ఎక్కడ అడిగినా ఆయనదే ఇచ్చేదాన్ని."

నాకు విసుగొచ్చింది. బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు.

"ఆయన ఫోనుందా? దాన్నుంచి మీకు ఫోన్ కొట్టండి, ఆయన ఫోనులో మీ నంబరు కనబడుతుంది."

సంచిలోంచి తీసి నొక్కింది. దానికింకా రోజూ ఛార్జింగు పెడుతున్నట్టుంది.

ఒళ్లో ఉన్న ఆమె ఫోను మోగింది. తెరమీద 'బావ' అని వచ్చింది.

ఆయన ఫోనులో నంబరు చూశాను. "రాసుకున్నాను. ఇక కట్ చెయ్యండి."

ఆమె తన ఫోను ఎత్తి చెవికి ఆనించుకుంది.

"కోర్టులో ఉన్నా బావా," అంది. "పనైపోవచ్చింది. వచ్చేస్తున్నా."