వినపడేలా లెక్కపెట్టు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, పిల్లదాని గొంతు వినపడకపోవడం.

ఇంటి ముందే రోడ్డు. రోజంతా లారీలే. గేటు గడియ ఈ మధ్యే దానికి అందుతోంది. మొన్నోసారి అలికిడి లేదని గుండెలు బాదుకుంటూ దిగొస్తే, వాళ్ల నాన్న బూట్లో నీళ్లు పోసి ఆకుల పడవ వదులుతోంది.

అందుకే ఇవాళ మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తూ, ఫోన్లో బొమ్మల పాఠాలు చూస్తున్నదాన్ని ఆపించి, వరండాలో కూర్చోబెట్టింది.

"ఒకటి నుంచి లెక్కపెట్టు బుడంకాయ్. పైకి వినపడాలి. ఆపావో, వీపు విమానం మోతే!"

నీళ్ల మోటారు హోరులోంచి లెక్క సన్నగా పైకి వస్తోంది. పదమూడు, పద్నాలుగు, పదిహేను... ఆమె దుప్పటి పిండుతూ వింటోంది. బడి మధ్యలోనే మాన్పించిన తనకి, కూతురి నోట అంకెలు పాటలా ఉన్నాయి.

పక్క మేడ మీద దిండ్లు ఎండబెడుతున్న పిన్ని నవ్వింది.

"ఏంటే అమ్మాయ్, చెయ్యి ఇక్కడ, చెవి అక్కడ! కొంగుకి కట్టేసుకోరాదూ?"

"ముడి విప్పుకుపోయే రకం పిన్నీ అది."

"అచ్చు వాళ్ల నాన్నే!"

ఆమెకి నవ్వొచ్చింది. అయినా మనసాగక పిట్టగోడ మీంచి వంగింది. వరండా రేకు అడ్డం. పిల్ల కనపడదు.

"ఇంకాస్త గట్టిగా చెప్పవే!"

గొంతు పెరగలేదు. తగ్గనూ లేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు...

"లెక్కలో పడితే తల్లిని కూడా లెక్కచెయ్యదన్నమాట," అంది పిన్ని. "ఎక్కడా తడబడట్లేదే! మా మనవడు స్కూలుకెళ్తూ కూడా పద్దెనిమిదిని మింగేస్తాడు."

ఆమె లోపల పొంగిపోయింది. తడి చొక్కా దులిపి తీగ మీద వేసింది.

ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి.

ఆమె చేతిలోని క్లిప్పులు జలజలా రాలిపోయాయి. బకెట్టుని తన్నుకుంటూ మెట్లవైపు పరుగెత్తింది. వెనక్కి తిరక్కుండానే అరిచింది.

"పిన్నీ, మీ వైపు నుంచి రోడ్డు కనిపిస్తుంది, మా పిల్లెక్కడుందో చూడు పిన్నీ, ఇరవై తొమ్మిది తర్వాత అది ఇరవై పది అంటుంది గానీ ముప్పై అనదు, కింద లెక్కపెడుతున్నది ఫోను!"