కలివి పొదల మిట్ట

మా నేల పోవడానికి కారణం క్లిఫర్డ్. నా మేనల్లుడే. ఎవరడిగినా ఇదే చెబుతాను.

కలివి పొదలున్న మిట్ట మీదుగా గనికి దారి వేస్తామన్నారు. ఆ నల్లటి పండ్లు మా పిల్లలు తింటారు. కట్టె కాచిన నీళ్ళు పుళ్ళకు పోస్తాం. దోమలు ముసిరితే దాని పొగే వేస్తాం.

"ఇప్పటికీ వాడుతున్నారని రుజువైతే దారి మళ్ళిస్తాం" అన్నాడు భూముల ఆఫీసరు.

ఆ మిట్ట పెగ్గీ అవ్వది. దాని గురించి ఆమే మాట్లాడాలి. ఆమెకు ఇంగ్లీషు రాదు. నన్ను తొమ్మిదేళ్ళకే తెల్లదొరలు పశువుల వెంట తోలారు. మా పాత భాష నాకు నాలుగు ముక్కలే. రెండూ వచ్చినవాడు క్లిఫర్డ్ ఒక్కడే.

మంగళవారం పొద్దున రేకుల షెడ్డులో కూర్చున్నాం. అవ్వ ఒళ్ళో కలివి కొమ్మలు. క్లిఫర్డ్ గుమ్మం దాకా వచ్చాడు. అవ్వను చూశాడు. గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. అవ్వ తువ్వాలు ముఖం మీదికి లాక్కుంది.

"ఏం, మీవాడికి కడుపు గడబిడా?" నవ్వాడు ఆఫీసరు.

నేను వెనకే పరుగెత్తాను.

"ఒరేయ్, పది నిమిషాలు! నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో. లోపలికి మాత్రం రాను మామా."

"పోనీ గోడవతల నుంచునైనా చెప్పరా!"

"ఆ గొంతు నా చెవిన పడకూడదు. నువ్వేనా ఈ మాట అనేది?"

పోయి నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నాడు.

లోపల అవ్వ మాట్లాడుతూనే ఉంది. ముళ్ళు చూపించింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఒకచోట ఏడ్చింది కూడా.

"ఏమంటోంది?"

"కలివి అంటోంది" అన్నాను.

"అది నాకూ తెలుస్తోంది పెద్దాయనా. ఇంకా?"

ఇంకా ఏం చెప్పను?

అతను గడియారం చూసుకుని రెండు ముక్కలు రాశాడు. అవ్వ చేత వేలిముద్ర వేయించాడు. తన మాటే రాశాడనుకుని అవ్వ అతని దోసిట్లో పండ్లు పోసింది.

'రుజువు లేదు' అని రాశాడట.

ఊళ్ళో ఒక్కరూ క్లిఫర్డ్‌ని ఏమీ అనలేదు. నన్ను చూస్తేనే తల తిప్పుకుంటారు.

మావాళ్ళలో అత్త ముఖం అల్లుడు చూడకూడదు, ఆమె మాట వినకూడదు. వాడు డార్విన్ పట్నానికి చెక్కేయకుండా మంగళవారం దాకా ఆపాలని, పెగ్గీ అవ్వ కూతురినిచ్చి ఆ ముందు ఆదివారమే వాడికి పెళ్ళి చేసింది నేను. పోయింది పదకొండు వందల నలభై హెక్టార్లు.