కింది గది ఆవిడ

"ఆడవాళ్లు పైకి రాకూడదమ్మా! కిందికి దిగండి!"

సరంగు చుక్కాని వదలకుండానే కసిరాడు.

మెట్ల మీద నిలబడిన ముసలావిడ కదల్లేదు.

ఆ దీవి లాంచీల్లో పైభాగం మగవాళ్లది, కింది గది ఆడవాళ్లది. ఎక్కే మెట్లు కూడా వేరు. ఆరేళ్లుగా లాంచీ నడుపుతున్నా, తన కాళ్ల కింద ఎవరు కూర్చుంటారో సరంగు ఏనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు.

ఈ ఉదయం మాత్రం అతని ప్రాణమంతా ఆ గదిలోనే ఉంది. భార్యకు నొప్పులు మొదలయ్యాయి. పక్కన అతని తల్లి ఉంది. ఆసుపత్రి అవతలి ఒడ్డున. మధ్యలో పక్క మనిషి కూడా కానరాని పొగమంచు.

"ఎడమకి తిప్పు నాయనా. ఎదర ఇసుక మేట ఉంది."

"మేట కుడివైపున కదా! నాకే నేర్పుతారా? ఎప్పుడైనా చుక్కాని పట్టారా?"

"పట్టలేదు. పట్టనిచ్చిందెవరు?"

అంతలో అడుగున గరగరమంది. ఆ కుదుపుకి కింద భార్య కేక పెట్టింది. సరంగు గబుక్కున వేగం తగ్గించాడు.

"మేట ఇటెప్పుడొచ్చింది?"

"మొన్నటి గాలివానకి ఇటు జరిగింది. మీరు నీళ్ల మీద తిరుగుతారు. ఆటు వేళ నీళ్లు తీశాక మేం ఆ నేల మీదే నడుస్తాం, గుల్లలు ఏరుకుంటూ. ఎక్కడ మోకాలి లోతో, ఎక్కడ మనిషి లోతో మా కాళ్లకి తెలుసు. వెనక్కి లాగి, ఎడమకి తిప్పు."

ఈసారి చెప్పినట్టే తిప్పాడు.

"ఆ చప్పుడు విన్నావా? అల మేట మీద విరుగుతోంది. ఇంకాస్త ఎడమకి... చాలు. ఇక నేరుగా పోనీ."

రేవు చేరిన గంటలోపే ఆసుపత్రి వరండాలోకి పాప ఏడుపు వినిపించింది. సరంగుకి పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. గోడకి చేరగిలబడి, నలుగురూ చూస్తున్నా సిగ్గుపడకుండా ఏడ్చేశాడు.

తల్లి బయటికొచ్చింది.

"ఇద్దరూ క్షేమంరా. ఆవిడేది?"

"తిరుగు లాంచీ ఎక్కేసింది. దణ్ణమైనా పెట్టలేకపోయాను. అయినా ఈ ఒడ్డున ఏ పనీ లేకుండా ఎందుకొచ్చినట్టమ్మా?"

"పురిటి మనిషి లాంచీ ఎక్కుతోందంటే చాలు, వచ్చి కింది గదిలో కూర్చుంటుంది. దారి సరిగ్గా ఉంటే నోరు మెదపదు."

"నీకెలా తెలుసు?"

తల్లి అతని కళ్లు కొంగుతో తుడిచింది.

"నిన్ను కడుపులో మోస్తూ నేను దాటిన రోజు కూడా లాంచీని మేట తప్పించింది ఆవిడేరా. ఆ రోజు చుక్కాని పట్టిన మీ నాన్న కూడా ముందు ఆవిణ్ణి కిందికే దిగమన్నాడు."