అచ్చు గుద్దినట్టు

...సందేహమే లేదు, తన అచ్చే. స్వీడన్ దాకా వెళ్ళినా నాగమణి దాన్ని పోల్చుకోగలదు.

ఫోనులో జెస్సీ నవ్వుతోంది. పక్కవీధి పిల్ల. 'ప్రపంచ దేశాల ఇంటి బిస్కెట్లు' అని వీడియోలు పెడుతుంది. పోయిన వారం ఇటలీది, రాయిలాంటిది. ఈ వారం స్వీడన్‌ది. ఇనప అచ్చును పిండిలో ముంచి, కాగే నూనెలో పెట్టి విదిలిస్తే, పువ్వు విడిపోయి తేలింది.

స్వీడనట! అమలాపురంలో ప్రతి క్రిస్మస్‌కీ వండుకునే గులాబీ పువ్వులే. ఆ అచ్చు నిరుడు నాగమణి దగ్గర పట్టుకెళ్ళిందే.

"వెళ్ళి అడిగెయ్యవే," అన్నాడు భర్త బెంజమిన్.

"ఎలా అడగనండీ? మొహమాటం ఉండదా?"

"పట్టుకెళ్ళిన పిల్లకి లేనిది నీకెందుకు?"

నాగమణికి అర్థం కానిదీ అదే. తీసుకున్నవాళ్ళు హాయిగా నిద్రపోతారు. వస్తువు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే చాలు, అది మనదేనని మనసు సంతకం పెట్టేస్తుంది. ఏం మనసులో, సిగ్గులేనివి!

పండగ దగ్గర పడింది. అచ్చు లేకపోతే ఈ ఏడు పువ్వుల్లేవు. వీధిలో ఆమెకున్న పేరంతా ఆ పువ్వులదే.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు 'దొంగిలకూడదు' అన్న ఆజ్ఞ మీద ప్రసంగించారు. నాగమణి గట్టిగా "ఆమెన్" అని జెస్సీ వైపు చూసింది. జెస్సీ చెయ్యి ఊపింది.

బయట చెప్పులు వేసుకుంటూ నాగమణి తెగించింది.

"అమ్మాయ్, ఆ అచ్చు..."

"ఏ అచ్చమ్మా?" వెనకనుంచి జ్ఞానమ్మగారు. చర్చి పాటల బృందానికి పెద్ద.

"అచ్చు గుద్దినట్టు మీలాగే మాట్లాడిందండీ జెస్సీ, వీడియోలో!" అని మాట మార్చింది నాగమణి.

జ్ఞానమ్మగారు మురిసిపోయారు.

సాయంత్రం నాగమణి నేరుగా జెస్సీ ఇంటికే వెళ్ళింది.

"అయ్యో, మర్చిపోయేనాంటీ!" జెస్సీ అచ్చును పేపర్లో చుట్టి ఇచ్చింది. "ఈసారి వీడియోలో చెబుతాను, ఇది నాగమణి ఆంటీదని."

"వద్దమ్మా, వద్దు! మనకెందుకా ప్రచారం?"

"ఎంత మంచోరండీ మీరు!"

"ఆయ్," అంది నాగమణి.

ఇంటికొచ్చి, వంటింటి తలుపు గడియ పెట్టి, పిడికి ఎప్పుడో తనే చుట్టిన గుడ్డ విప్పి, దాని కింద చెక్కి ఉన్న 'జ్ఞానమ్మ' అన్న పేరును ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టింది.