ఉపగ్రహం చూసిన కొండ

“మేఘం నీడండీ పంతులమ్మగారూ, మేఘం నీడ! దాన్ని పట్టుకుని నన్ను దొంగని చేస్తారా?”

కలప వ్యాపారి గవ్రిలా పకపకా నవ్వాడు. ఆదివారం ప్రార్థన అయిపోయి చర్చి ముంగిట్లో చేరిన ఊరంతా అతనితో పాటు నవ్వింది. చర్చి తలుపుకి సవేత అంటించిన, ఊరి కొండ మీద మచ్చని నెలనెలా చూపించే ఉపగ్రహం ఫోటోలు గాలికి రెపరెపలాడాయి.

సవేత బడిలో భూగోళం చెబుతుంది. ఆ ఫోటోలు ఇంటర్నెట్‌లో ఎవరికైనా ఉచితమే. ఈ కార్పాతియన్ కొండల్లో వాటిని తీసి చూసిన పుణ్యాత్మురాలు మాత్రం ఆవిడొక్కతే. చూడక ఏం చేస్తుంది? కిందటి వానకి చెట్లు పోయిన కొండ మీది బురద ఆవిడ పశువుల పాకలోకి దిగింది. ఇంటి పైన కొండవాలులో ఒక్క తోపు మిగిలింది. అదీ పోతే ఈసారి బురద మంచాల మీదికే.

“మేఘం నీడ వేసవంతా ఒక్కచోటే కూర్చుంటుందా గవ్రిలా? పైగా నెలనెలా పెరుగుతుందా?”

“అయితే ఆకు రాలిందేమో.”

“దేవదారు చెట్టు ఆకు రాలుస్తుందా?”

ఈసారి జనం గవ్రిలాని చూసి నవ్వారు. ముదురుపచ్చ రంగు అడవి అనీ, మట్టిరంగంతా నరికేసిన చోటనీ సవేత వేలు పెట్టి చూపించింది. నవ్వులు ఆగిపోయాయి.

“ఓరి దొంగ సచ్చినోడా! చలికాలానికని మా మొహాన బండెడు కట్టెలు కొట్టి కొండంతా మింగేశావా!” అని ఎవరో అతని కాలరు పట్టుకున్నారు.

“సరే! ఇవాళ్టితో గొడ్డలి పట్టను. ఇక మీకెవ్వరికీ పుల్లముక్క కూడా ఇవ్వను!” అని గవ్రిలా విదిలించుకుని పోయాడు. తిడుతూ ఊరంతా అతని వెంటపడింది.

సవేతకి సంతోషంతో ఏడుపొచ్చింది. తన మాట ఊరు విన్నది. ఇల్లు దక్కినట్టే అనుకుంది, పిచ్చితల్లి.

వాగు అవతల ఉండే అనూత్స ముసలమ్మ ఒక్కతే తలుపు దగ్గర ఆగింది. కళ్లద్దాలు సర్దుకుని చివరి ఫోటోని తేరిపార చూసింది. తర్వాత సవేతని లాక్కుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుంది.

“నీ కడుపు చల్లగుండ, ఎంత మంచిపని చేశావే! కొండ అవతల ఇంకా బోలెడు అడవి ఉందనుకున్నాం. మీ ఇంటి పైన తోపొక్కటే మిగిలిందన్నమాట. చలికాలం ముంచుకొస్తోంది, వాడా ఇక కట్టెలివ్వనన్నాడు. పొద్దున్నే మావాళ్లని రంపాలతో పంపిస్తా. ఆ ఫోటో పీకేసెయ్ తల్లీ, మిగతావాళ్ల కంట పడకముందే.”