సాక్ష్యానికి నీళ్లు

"కూసిన్ని నీళ్లు పొయ్యమ్మా. మొక్క సచ్చిపోతే కేసూ సచ్చిపోద్ది," అన్నాడు గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న కానిస్టేబుల్ నానాజీ.

గంగాభవాని చెంబు వంచింది. ఆ గంజాయి మొక్క తన చెరుకు తోటలో దానంతటదే మొలిచింది. పొలంలో అలాంటిది కనబడితే రైతే చెప్పాలని చట్టముందని టీవీలో విని, స్టేషన్‌కు వెళ్లి చెప్పింది తనే. మెచ్చుకుంటారనుకుంది. తోట చుట్టూ రిబ్బన్ కట్టి, పెద్ద సారు చూసేదాకా ఆ మొక్కకు నీళ్లు పొయ్యడానికి తప్ప ఎవరూ లోపల అడుగు పెట్టకూడదన్నారు.

"కోతకొచ్చిన సెరుకు బాబూ, రసం ఇగిరిపోతంది. బెల్లానికేటి మిగుల్తాది? నరుక్కోనీ."

"సాక్ష్యం మద్దిన కత్తెడతావేటమ్మా? సారు రానీ."

"ఎప్పుడొత్తారు?"

"ఎవలికి తెలుసు? అప్పటిదాకా నానూ ఇక్కడే ఎండాల."

పక్క పొలం కుమారి పరుగున వచ్చి రిబ్బన్ దగ్గర ఆగింది. "వదినా, మా గట్టు మీదా అచ్చం ఇలాటి మొక్కే ఉంది. నానూ సెప్పేత్తే మంచిది కదా?"

గంగాభవాని మొక్కను చూసింది. నీళ్లు తాగి నిగనిగలాడుతోంది. దాని వెనుక చెరుకు ఆకులు ఎండి గరగరమంటున్నాయి.

"అది గోంగూరే," అంది.

"గోంగూర నాకు తెల్దేటి వదినా? వాసన..."

"గోంగూరే అన్నానా! ఎల్లి పీకి పారెయ్."

కుమారి అనుమానంగా నానాజీ వైపు తిరిగింది. "నువ్వొచ్చి సూడు బాబూ."

నానాజీ గొడుగును ముఖం మీదికి దించుకున్నాడు.

"సూడక్కర్లేదమ్మా. ముమ్మాటికీ గోంగూరే."