వదిన పాడని పేజీ

నాలుగు వందల ఏళ్ళనాటి బృందగానాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తూ, రెండో పేజీలో మా వదిన పాడాల్సిన స్వరాలు కొట్టడం మరిచిపోయాను. ఖాళీ కనిపిస్తే చాలు, ఆ సాఫ్ట్‌వేర్ దానంతటదే 'ఇక్కడ పాడకూడదు' అనే విరామ గుర్తులు పెట్టేస్తుంది.

రిహార్సల్లో వదిన ఆ పేజీ అంతా నోరు మెదపలేదు. పక్కవాళ్ళ గొంతులన్నీ మింగేసే గొంతు ఆవిడది! అందరూ బిత్తరపోయారు.

"పాతకాలం వాళ్ళ విరామమంటే అదీ!" అని పాట నేర్పే మాస్టారు మురిసిపోయారు.

బయటికొచ్చాక వదిన చెయ్యి పట్టుకున్నాను. "తప్పు నాదే వదినా. రేపటికి దిద్దేస్తాను."

"తెలుసులే. ఆ పాట నాకు కంఠతా వచ్చు."

"మరి ఊరుకున్నావేం?"

"తప్పుందని అరుద్దామనే నోరు తెరిచాను. ఈలోగా మిగతావాళ్ళ పాట వినపడింది. ఇన్నేళ్ళూ వీళ్ళింత బాగా పాడుతున్నారని నాకెవరూ చెప్పలేదేమే?"